అమ్ము ఆనే చోటు

భాద్రపదం దాటేసరికి గోదావరిలో ఎర్రనీరు విరిగేది. నీరు కాస్త తేరుకుందంటే చాలు, ధవళేశ్వరంలో మా వీధి పిల్లలందరి చూపూ లాకుల మీదే. పైనుంచి తెప్పలు దిగే రోజులవి. పాపికొండల్లో నరికిన వెదురు పోలవరం, రాజమండ్రి రేవులు దాటి మా ఊరి ఆనకట్ట దాకా నీటి మీదే వచ్చేది. పచ్చి టేకు దుంగ బరువు, ఒంటరిగా వదిలితే మునుగుతుంది. అందుకని దుంగల పక్కన వెదురు మోపులు కట్టి తేల్చేవారు. వెదురు తానే సరుకు, తానే పడవ. తెప్ప మీద చిన్న పాక, పాకలో మట్టి పొయ్యి, పొయ్యి మీద జావ కుండ, అంచున గెడలు పట్టుకుని నిలబడ్డ మనుషులు. అరవై ఏళ్లు గడిచాయి. ఎక్కడైనా పచ్చి వెదురు చీల్చిన వాసన తగిలితే నేను ఇప్పటికీ ఆ గట్టు మీదికి వెళ్లిపోతాను.

తాతయ్య లాకుల దగ్గర లస్కరు. 1847లో మొదలై 1852లో పూర్తయిన కాటన్ దొర ఆనకట్టే అప్పటికింకా పని చేస్తోంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా, నడుమ లంకలను కలుపుకుంటూ నదికి అడ్డంగా పడుకున్న రాతికట్ట అది. నదిలో వచ్చిన తెప్ప కాలువలోకి దిగాలంటే ముందు లాకు గదిలోకి రావాలి. పై తలుపులు మూసి నీరు వదిలాక, లోపలి మట్టం కాలువ మట్టానికి దిగేదాకా అందరూ ఆగాల్సిందే. తెప్పవాళ్లు చుట్ట వెలిగించేవారు. తాతయ్య గట్టు మీద గొంతుకు కూర్చుని పైఊళ్ల కబుర్లు అడిగేవాడు. నేను ఆయన పక్కన కూర్చుని వినేవాణ్ణి. విల్లు గురించి నాకు తెలిసిందంతా ఆ నీరు దిగే వ్యవధిలో నేర్చుకున్నదే.

ఆ వెదురు మా పిల్లలకు దసరా విల్లంబుల కోసం కావాలి. బడిపిల్లలం పండగ రోజుల్లో పంతులుగారి వెంట ఇంటింటికీ తిరిగేవాళ్లం. కొత్త చొక్కా, నుదుట బొట్టు, చేతిలో రంగు కాగితాలు అంటించిన వెదురు విల్లు. మా బాణానికి ములికి ఉండదు. మొన దగ్గర చిన్న బొంగు గొట్టం ఉంటుంది. అందులో బంతిపూల రేకులు, బుక్కా కూరేవాళ్లం. వాకిట్లో వరసగా నిలబడి దసరా పాట పాడి, ఇంటి పెద్దల మీదికి ఆ పూలు చిమ్మేవాళ్లం. వాళ్లు పంతులుగారికి దక్షిణ, మాకు పప్పుబెల్లాలు ఇచ్చేవారు. చాలీచాలని జీతంతో బతికే బడిపంతుళ్లకు ఆ దక్షిణ ఏడాదికొక ఆసరా. మాకు మాత్రం ఏడాదంతటికీ అదే పెద్ద కొలువు. జమ్మిచెట్టు మీద దాచిన ఆయుధాలను పాండవులు దించుకున్న కథ ఆ రోజుల్లో మాకు మా కథలాగే ఉండేది.

మా వీధి పిల్లల విల్లులన్నీ తాతయ్యే చేసేవాడు. తెప్పవాళ్లను అడిగి గట్టి వెదురు ఒకటి ఉంచుకునేవాడు. బోలుగా ఉండే లావు బొంగు విల్లుకు పనికిరాదు, లోపల కండ ఉన్న సన్నవెదురే కావాలి. దాన్ని నిలువునా చీల్చి, కణుపులు నునుపు చేసి, వంటింటి అటక మీద పొయ్యి పొగ తగిలేలా ఆరేదాకా ఉంచేవాడు. పచ్చిది వంచితే వంగినట్టే ఉండిపోతుంది, ఆరినదే తిరిగి లేస్తుంది. వెదురు పైచర్మం ఉన్న వైపు ఎప్పుడూ విలుకాడికి అవతల, గురి వైపే ఉండాలనేవాడు. వంచినప్పుడు సాగే వైపు అదే. వెదురు బలమంతా చర్మాన్ని అంటుకున్న పీచులోనే ఉంటుంది. ఆ వైపు కత్తి పెట్టనిచ్చేవాడు కాదు.

నాకు తొమ్మిదో ఏట, ఆ అరవైల మొదట్లో, పండగకు ముందే పాఠం మొదలైంది. మా మామూలు విల్లుకు పిడి దగ్గర ఏమీ ఉండేది కాదు. బాణం వెదురు అంచును రాసుకుంటూ వెళ్లేది. మొనన బొంగు గొట్టం ఉండటంతో మా బాణానికి తల బరువు. నారి వదలగానే తల వాలి విల్లును గీరేది. అలా గీరి గీరి ఒకరోజు అంచు లేచి, వెదురు పేడు ఒకటి నా ఎడమ చూపుడువేలి కణుపులో దిగిపోయింది. మామ్మ దీపం దగ్గర కూర్చోబెట్టి సూదితో తీసింది. వేలు వారం రోజులు వాచింది. తాతయ్య ఆ విల్లును విరిచేయలేదు, నన్ను కోప్పడలేదు. దాన్ని వెలుతురుకు పట్టి, గీతలు పడ్డ చోట బొటనవేలితో చాలాసేపు నిమిరాడు.

"ఒరేయ్ అబ్బాయ్, విల్లంతా బాగానే ఉందిరా. అమ్ము ఆనే చోటు ఒక్కటే బాగాలేదు."

ఆ మాటతో మా ఇంట్లో ఒక చిన్న పరిశోధన మొదలైంది. తాతయ్య కాలువల మనిషి కదా, ఆ చోటుకు కాలువ పేర్లే పెట్టాడు. బాణం కింద ఆనుకునే మెట్టు గట్టు. బాణం పక్కకు ఒరిగి రాసుకునే చోటు గోడ. గట్టు బాణాన్ని మోస్తుంది, గోడ దానికి దారి చూపిస్తుంది. రెండింటి పనీ వేరు కాబట్టి రెండింటికీ ఒకే సరుకు పనికిరాకపోవచ్చునని మొదటి రోజే అన్నాడు.

ముందు పాత పంచె గుడ్డ పేలిక చుట్టాం. చేతికి హాయిగా ఉంది. బాణం చప్పుడు లేకుండా వెళ్లింది. కానీ మాది నది ఒడ్డు. తెల్లవారేసరికి గుడ్డ మంచుకు తడిసి ఉబ్బింది. నిన్న ఉన్న మట్టానికీ ఇవాళ్టి మట్టానికీ తేడా వచ్చింది. ఆరాక చెమటకూ బుక్కాకూ అట్టకట్టింది. పైగా అరిగిన గుడ్డ పోగులు లేచి బాణం ఈకను పట్టుకున్నాయి. మెత్తగా ఉంటే చాలదని అప్పుడు తెలిసింది. రోజూ ఒకే మందాన ఉండాలి, పట్టుకోకుండా విడిచిపెట్టాలి.

తరవాత తాటాకు. లేత తాటాకును పట్టీగా కోసి, చింతపిక్కల బంకతో అతికించాడు. అద్దంలా నునుపు. బాణం జారినట్టే తెలిసేది కాదు. కానీ మూడు రోజుల ఎండకు ఆకు ఎండి ఈనె వెంట చీలింది. ముసురు పట్టగానే చింతపిక్కల బంక మెత్తబడి ఊడింది. తుమ్మబంకదీ అదే కథ, అది నీళ్లలో కరిగే సరుకు. గోదావరి పక్కన బంకను నమ్ముకున్న పని వానాకాలం నిలవదు. కట్టు కట్టిందే నిలుస్తుంది.

మూడోది తోలు. జనార్దనస్వామి కొండకు వెళ్లే దారిలో ఒక డోలు వాయిద్యగాడు ఉండేవాడు. డోలు మూత మార్చినప్పుడు మిగిలిన మేకతోలు ముక్క ఇచ్చాడు. వెంట్రుక గీసేసి, సాగదీసి ఆరబెట్టిన తోలు అది. దాన్ని గోడకూ గట్టుకూ కలిపి బిగించాం. ఇది నిలిచింది, అరగలేదు. కానీ బాణం వదిలిన ప్రతిసారీ టక్కుమని మోగింది. మోగడం కంటే పెద్ద ఇబ్బంది, బాణం ఎడమకు తుళ్లింది. ఎన్నిసార్లు వేసినా అటే తుళ్లింది. తాతయ్య తోలును గోటితో మీటి నవ్వాడు.

"మోగడానికి చేసిన తోలురా ఇది. తగిలినదాన్ని తిరిగి కొడుతుంది. మనకు కావలసింది, తగిలినదాన్ని పోనిచ్చేది."

ఎందుకు తుళ్లిందో ఎన్నో ఏళ్ల తరవాత చదివి తెలుసుకున్నాను. నారి వదలగానే బాణం కర్రలా తిన్నగా పోదు. వెనక నుంచి వచ్చిన తోపుకు నడుము వంచుతుంది. ఈదే చేపలా అటొకసారి ఇటొకసారి వంగుతూ విల్లును చుట్టి దాటుతుంది. 1930లలో అమెరికాలో క్లారెన్స్ హిక్‌మన్ అనే శాస్త్రవేత్త అతివేగంగా బొమ్మలు తీసే కెమెరాతో ఈ వంపును పట్టి చూపించాడు. బాణం మొదటి వంపులో విల్లును ఎలా ఒత్తుకుంటుందో, దాని మీదే గురిలో సగం ఆధారపడుతుంది. ఆ ఒత్తిడిని గట్టి గోడ తిరిగి తోసేస్తుంది. మరీ మెత్తని గోడ రోజుకొక లోతున మింగేస్తుంది. బాణం బిరుసుకూ విల్లు బలానికీ పొత్తు కుదిరినప్పుడే, ఆనే చోటుకు పని తక్కువ పడుతుంది. ఇదంతా తెలియకుండానే మా తాతయ్య మోగే తోలును పక్కన పెట్టేశాడు.

అప్పుడే, ఆశ్వయుజం వచ్చిన మొదటి రోజుల్లో, కొండ తాత దిగాడు.

ఆయన కొండరెడ్డి. పాపికొండల లోపలి ఊరు. పేరు నేను అడగలేదు, కొండ తాత అనే పిలిచేవాణ్ణి. ఏటా ఒకటి రెండు తెప్పలతో వచ్చేవాడు. రాత్రిళ్లు ఇసుక తిన్నెల మీద తెప్ప ఆపాలి కాబట్టి పక్కన విల్లు ఉంచుకునేవాడు. లాకు గదిలో నీరు దిగుతుండగా తాతయ్య నా విల్లు ఆయన చేతికిచ్చాడు.

"చూడు రెడ్డీ, మా మనవడి విల్లు. తోలు వేసినా కుదరడం లేదు."

ఆయన విల్లు వంచి చూడలేదు. బొటనవేలు ఆ తోలు మీద పెట్టి ముందుకొకసారి, వెనక్కొకసారి నిమిరాడు. తరవాత తన విల్లు తీసి నా ఒళ్లో పెట్టాడు. నా కంటే ఎత్తు. పొగకు నల్లబడ్డ వెదురు. నారి కూడా తాడు కాదు, సన్నగా చీల్చి నున్నగా గీసిన వెదురు బద్దే. తడికి సాగదు, ఎండకు కుంచించుకుపోదు. నేను పిడి దగ్గర వెతికాను. గట్టు లేదు, గోడ లేదు, తోలు లేదు, గుడ్డ లేదు. చేతి జిడ్డుకు మెరిసే నల్లటి మచ్చ ఒక్కటే ఉంది.

"అమ్ము ఎక్కడ పెడతావు తాతా?" అన్నాను.

ఆయన ఎడమ పిడికిలి బిగించి చూపించాడు. చూపుడువేలు మొదటి కణుపు మీద, నాకు పేడు దిగిన చోటే, కాయ కాచి ఉంది. గోధుమరంగు గవ్వలాంటి కాయ. బాణం దాని మీద ఆనేది. అదే ఆయన గట్టు.

"చిన్నప్పటి నుంచీ చెయ్యే గట్టయిపోయింది బాబూ. మీ అబ్బాయి చెయ్యి ఇంకా లేత. దీనికి వేరే కట్టాలి."

చేతికి ఈక కోసుకోకుండా ఆయన బాణంలోనే ఒక ఏర్పాటు ఉంది. ఈక ముందు కొనను కత్తితో పలచగా గీసి, కాడకు అంటేలా సన్నటి నారతో చుట్టాడు. అక్కడ గరుకు తగిలితే వేలు తెగుతుంది. బాణం నారికి తొడిగేటప్పుడు ఒక ఈక విల్లుకు అవతలి వైపు, బయటికి చూసేలా తొడిగేవాడు. విల్లు వైపు నిక్కిన ఈక గోడను కొట్టుకుంటుంది. ఎంత మంచి తోలు వేసినా ఆ తప్పును అది దిద్దలేదు.

ఇక నా విల్లుకు ఆయన కట్టింది చెబుతాను. తాతయ్య ఇంట్లోంచి గోగునార తెచ్చాడు. కొండ తాత దాన్ని పేని, మొలకు కట్టుకున్న సంచిలోంచి తేనెమైనం ముద్ద తీసి పామాడు. ఆ నారను పిడి పైన దగ్గర దగ్గరగా చుట్టి, ఒకవైపు చిన్న గుబ్బలా లేపాడు. అది గట్టు. మైనం పూసిన నార తడి పీల్చదు కాబట్టి గుడ్డలా ఉబ్బదు. తరవాత తన కత్తి ఒరకు చుట్టుకున్న మేకతోలులోంచి రెండు వేళ్ల వెడల్పు ముక్క కోశాడు. దాని మీద వెంట్రుక ఉంది, పొట్టిగా, ఒత్తుగా. గోడకు ఒత్తి గట్టు మీదికి మడిచి, పైనా కిందా నారతో బిగించాడు. బిగించే ముందు తాతయ్య ముక్కను ఒకలా పట్టుకుంటే ఆయన తిప్పి పెట్టాడు. వెంట్రుక వాలు బాణం పోయే దిక్కుకే ఉండాలట. ఎదురు వాలులో పెడితే ప్రతి వెంట్రుకా బాణాన్ని కొంచెం కొంచెం వెనక్కి లాగుతుంది, నెల తిరిగేలోగా తానూ ఊడిపోతుంది. వాలు సరిగా ఉంటే బాణం గడ్డిలోంచి గాలి వెళ్లినట్టు వెళుతుంది. అడవిలో చప్పుడు కూడా ఉండకూడదు. నారి మోత కంటే ముందు తోలు గీరిన మోతే జంతువు చెవిన పడుతుందని చెప్పాడు.

చివరిగా ఒక పని చేశాడు. అది నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. అగ్గిపుల్లంత వెదురు పేడు రెండు గీసి, ఒకటి గట్టు తోలు కింద అడ్డంగా, ఒకటి గోడ తోలు కింద నిలువుగా దూర్చాడు. పైకి రెండు సన్నటి మిట్టలు కనిపించాయి.

"అమ్ము బారుగా ఆనుకుంటే ఎక్కడో తెలియని చోట తగిలి తుళ్లుతుంది. ఒక్క చోటే ఆనాలి. ఏ రోజు వేసినా ఆ ఒక్క చోటే ఆనాలి."

లాకులో నీరు సమమైంది. కింది తలుపులు తెరిచారు. తాతయ్య ఉప్పు మూట, పొగాకు కట్ట ఆయనకు అందించాడు. తెప్ప కాలువలోకి జారింది. నేను గట్టు మీద నిలబడి ఒక ఉత్త రెల్లుపుల్లను ఎక్కించి వదిలాను. చప్పుడు లేదు. ఎడమకు తుళ్లలేదు. నీటి మీద తిన్నగా వెళ్లి పడింది.

ఆ రాత్రి తాతయ్య అమరకోశం తీశాడు. మా ఇళ్లలో పిల్లలకు వల్లె వేయించే పుస్తకమే. క్షత్రియవర్గులో విల్లు పేర్లు, నారి పేర్లు, బాణం పేర్లు వరసగా ఉంటాయి. విల్లు నడిమి చోటుకు లస్తకం అని ఒక పేరే ఉంది. పట్టుకునే చోటుకు మాట ఉంది కదా, అమ్ము ఆనే చోటుకు మాట ఏది అని వేలు పెట్టి వెతికాం. దొరకలేదు. దొరికింది వేరేది. నారి దెబ్బ చేతికి తగలకుండా కట్టుకునే తోలును గోధ అంటారు. ఉడుముకు కూడా సంస్కృతంలో అదే పేరు. విశ్వామిత్రుడి వెంట నడిచిన రామలక్ష్మణుల చేతులకు ఆ గోధ, వేళ్లకు తొడుగు ఉన్నట్టు వాల్మీకి చెప్పాడని తాతయ్య గుర్తుచేసుకున్నాడు. మా ఊళ్లో రామపాదాల రేవు ఉంది. రోజూ ఆ మెట్లు దిగి స్నానం చేసే మనిషికి అది చదువుకున్న సంగతి కాదు, ఇరుగుపొరుగు సంగతి. "చూశావురా, రాముడిదీ కొండ తాతదీ ఒకే పద్ధతి. విల్లుకు తోలు తొడగలేదు, చేతికి తొడిగారు. అమ్ము ఆనిందే చేతి మీద. అందుకే దానికి వేరే పేరు అక్కర్లేకపోయింది" అన్నాడు.

లోకమంతా ఆ చోటు గురించి ఆలోచించిందని పెద్దయ్యాక తెలిసింది. జపాను విలుకాళ్లు కుడిచేతికి జింకతోలు తొడుగు వేసుకుంటారు, బాణం ఎడమ బొటనవేలి మీద ఆనిస్తారు. తురుష్కుల దూరపు పందేల్లో మణికట్టుకు కట్టిన చిన్న గాడి మీదుగా పొట్టి బాణాలు వదిలేవారు. ఇంగ్లండులో పొడుగు విల్లుల పక్కన, బాణం రాసుకునే చోట ముత్యపుచిప్ప పలక పొదిగేవారు. నునుపు కావలసినవాడు చిప్ప పెట్టుకున్నాడు. నిశ్శబ్దం కావలసినవాడు వెంట్రుక తోలు వేసుకున్నాడు. ఎవరికి ఏది అవసరమో ఆ చోటు చెబుతుంది.

ఆ దసరాకు నా పూలబాణం అందరికంటే తిన్నగా వెళ్లింది. దాని కంటే నాకు ఎక్కువగా గుర్తున్నది, పండగ అయ్యాక తాతయ్య నన్ను లాకుల దగ్గరికి తీసుకెళ్లి చూపించినవి. లాకు తలుపు రాతికి ఆనే చోట చెక్క అంచు. పడవ గట్టుకు ఒరిసే చోట వేలాడే పాత తాళ్ల కుచ్చు. బండి ఇరుసుకు వేసే కందెన. "రెండు గట్టివి కలిసే చోట మూడోది ఒకటి మెత్తగా ఉండాలి. లేకపోతే రెండిట్లో ఒకటి అరుగుతుంది" అన్నాడు. ఆనకట్ట వైపు చెయ్యి చూపించి, "అదీ అంతే. కొండ నుంచి వచ్చిన నీరు కాసేపు ఆని వెళ్లే కట్ట" అన్నాడు. అప్పటి నుంచి నాకు ఆనకట్ట అనే మాట అలాగే వినిపిస్తుంది.

తరవాత ఒక్కొక్కటే పోయాయి. పాత ఆనకట్టకు బదులు 175 తలుపులతో కొత్త బ్యారేజీ 1982కల్లా నిలిచింది. దాని మీద రోడ్డు వచ్చింది. నదీ, పడవా చేసే పని లారీ చేసింది. వెదురు లారీల మీద పేపరు మిల్లుకు చేరేది. లాకులో తెప్ప ఆగవలసిన పని తప్పింది, గట్టు మీద కూర్చునే కబుర్లూ ఆగిపోయాయి. బడిపంతుళ్లకు నెలనెలా జీతం సరిగా అందడం మొదలయ్యాక ఇంటింటికీ తిరిగే దసరా ఊరేగింపు క్రమంగా మానేశారు. ఆ కష్టం పోవడం మంచిదే. దానితోపాటు మా చేతుల్లోంచి విల్లు కూడా పోయింది.

కొండల్లో మార్పు ఇంకా పెద్దది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట నేరమైంది. పాపికొండలు 1978లో అభయారణ్యం, 2008లో జాతీయ ఉద్యానం అయ్యాయి. ఉడుమును, దుప్పిని కాపాడుకోవాలి, అందులో నాకు రెండో మాట లేదు. అయితే వేటతోపాటు వేటగాడి చేతి తెలివి ఎక్కడా రాసిపెట్టకుండా పోయింది. మన్యంలో వేసవికి భూమి పండుగ వస్తే మగవాళ్లు ఇప్పటికీ విల్లంబులు తీస్తారు, ఆడవాళ్లు దారికి అడ్డంగా తాడు పట్టి చిల్లర అడుగుతారు. ఆ విల్లు ఇప్పుడు పండగ విల్లు. ఇంకోవైపు పోలవరం ముంపు. దేవీపట్నం వైపు కొండరెడ్ల ఊళ్లు ఎన్నో నది ఒడ్డు విడిచి కాలనీలకు మారాయి. కాలనీ ఇంటి చుట్టూ వెదురు పొద ఉండదు.

కొండరెడ్ల మీద ఫ్యూరర్ హైమండార్ఫ్ రాసిన పుస్తకం 1945లో వచ్చింది. దాన్ని నేను యాభై దాటాక చదివాను. కలప, వెదురు వ్యాపారం ఆ మనుషులను ఎలా అప్పుల్లోకీ కూలిపనిలోకీ దింపిందో అందులో ఉంది. చదువుతుంటే నా చిన్నతనపు తెప్పలు కొత్తగా కనిపించాయి. నేను వెదురు వాసన పీల్చాను. ఆ వెదురు నరికినవాడికి ఎంత ముట్టిందో ఆ వయసులో అడగడం తెలియలేదు. ఉప్పు మూటా పొగాకు కట్టా సరిపోయే బదులు కాదని ఇప్పుడు తెలుసు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాయడం అందుకు మిగిలిన ఒక్క దారి.

1922లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీదికి వెళ్లిన అల్లూరి సీతారామరాజు దండు చేతుల్లో ఇలాంటి విల్లులే ఉన్నాయి. మన ఊరూరా ఉన్న ఆయన విగ్రహాల్లో విల్లు చూస్తాం. ఆ విల్లు పట్టిన వేలి కణుపు మీద కాయ ఉంటుందని చెప్పిన శిల్పిని నేను చూడలేదు. ఎవరైనా కొత్తగా విగ్రహం చెక్కబోతే ఆ కాయను మరిచిపోవద్దని నా విన్నపం.

విలువిద్య మాత్రం మన దగ్గర చచ్చిపోలేదు. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో కాంపౌండ్ విల్లుతో మూడు బంగారు పతకాలు గెలిచింది. బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్సులో రికర్వ్ విల్లు ఎక్కుపెట్టాడు. ఒకసారి విజయవాడలో ఒక శిక్షణ మైదానం దగ్గర ఆగి, పిల్లల విల్లులు దగ్గరగా చూశాను. కాంపౌండ్ విల్లు మీద బాణాన్ని మోసే చిన్న చెయ్యి ఒకటి ఉంది. బాణం కదలగానే అది కిందికి వాలి దారి ఇచ్చేస్తుంది, ఈక దేనికీ తగలదు. రికర్వ్ విల్లు మీద బాణం సన్నటి తీగ మీద ఆనుతుంది, పక్కనుంచి స్ప్రింగు బిగించిన మొన ఒకటి దాన్ని కాస్తుంది. బాణం ఒత్తినంత మేరకే వెనక్కి తగ్గుతుంది. ఎంత తగ్గాలో మరతో సరిచేసుకుంటారు. నేను అక్కడే నిలబడిపోయాను. ఒకటి గట్టు, ఒకటి గోడ. వెంట్రుక తోలు, వెదురు పేడు చేసిన పనినే స్ప్రింగు, ఉక్కు చేస్తున్నాయి. ఆ పిల్లలకు నేను కొండ తాత మాట చెప్పాను. ఒక్క చోటే ఆనాలి అని. వాళ్ల కోచ్ కూడా అదే చెబుతారని తలలు ఊపారు.

జాతీయ పోటీల్లో వెదురు విల్లుకు ప్రత్యేకంగా ఇండియన్ రౌండ్ అనే విభాగం ఉంది. మన్యం బడుల్లో ఆ విల్లు పట్టే పిల్లలకు చెప్పాలనిపించేది ఇదే. మీ ఇంట్లో తాతలు ఉంటే, వాళ్ల ఎడమ చూపుడువేలు చూడండి. ఏ తోలు, వెంట్రుక ఎటు వాలు, మైనం ఎంత, పేడు ఎక్కడ అని అడగండి. కొనుక్కున్న విల్లు మీద అతికించి వచ్చిన ముక్కతో సరిపెట్టుకోకండి. గుడ్డ, తాటాకు, డోలు తోలు, మీకు దొరికినవన్నీ వేసి చూడండి. ఏది ఎందుకు కుదరలేదో తెలిస్తేనే కుదిరినదాని విలువ తెలుస్తుంది.

నా విల్లు ఎప్పుడో పోయింది. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన నీరు వచ్చినప్పుడు సామానంతా అటకల మీదికీ, తెలిసినవాళ్ల మేడల మీదికీ చేర్చాం. ఆ చేరవేతల్లో విల్లు విరిగింది. విరిగిన పిడి నుంచి తోలు ముక్కను తాతయ్యే విప్పి దాచాడు. ఆయన పోయాక అమరకోశం నా దగ్గరికి వచ్చింది. తెరిస్తే క్షత్రియవర్గులో, లస్తకం అని ఉన్న పుట దగ్గర, ఆ ముక్క గుర్తుగా పెట్టి ఉంది.

రెండు వేళ్ల వెడల్పు. అంచుల వైపు వెంట్రుక ఇప్పటికీ ఒత్తుగానే ఉంది. నడుమ, పేడు ఎత్తిన మిట్ట మీద మాత్రం, నూలుపోగంత వెడల్పున తోలు బయటపడి మెరుస్తుంది. నేను వేసిన ప్రతి బాణమూ ఆ గీత మీదుగానే వెళ్లింది. అప్పుడప్పుడు ముక్కను అరచేతిలో పెట్టుకుని వేలితో నిమురుతాను. బాణం వెళ్లిన దిక్కుకు నిమిరితే మెత్తగా లొంగుతుంది. వెనక్కి నిమిరితే ఒక్కో వెంట్రుకా నిక్కి వేలికి అడ్డం పడుతుంది.